కట్టు కింద పుల్ల

భాద్రపదం సగం గడిచినా వాన జాడ లేదు. నడినెత్తిన ఎండ కాస్తుంటే కృపాదానం మంచె మీద గొంతుక్కూర్చుని, కుండల్ని ఒక్కొక్కటిగా వేలి కణుపుతో తట్టి చూస్తున్నాడు. తడి ఉన్న కుండ మొద్దుగా పలుకుతుంది. ఎండిన కుండ ఖంగుమంటుంది. పొద్దుటి నుంచి అతనికి వినపడినదంతా ఆ ఖంగుమనే మోతే.

మామిడి అంటు కట్టడం చూడనివాళ్ళకి ఈ మంచె సంగతి కాస్త చెప్పాలి. టెంక నుంచి మొలిచిన నాటు మొక్కని ముందు కుండలో పెంచుతారు. ఆ కుండని మంచె ఎక్కించి, బంగినపల్లి తల్లిచెట్టు కొమ్మ పక్కన పెడతారు. మొక్క కాండాన్నీ, కొమ్మనీ ఒక పక్క పలచగా చెక్కి, రెండు గాయాలూ కలిసేట్టు ఆనించి అరటినారతో కట్టు కడతారు. రెండు మూడు నెలలకి రెండూ ఒకటవుతాయి. అప్పుడు అతుకుకి పైన నాటు మొక్క తల కొట్టేసి, అతుకుకి కింద తల్లికొమ్మని తెంచేస్తే, వేరు నాటుదీ తల బంగినపల్లిదీ అయిన మొక్క చేతికొస్తుంది. అన్నాళ్ళూ కుండలో తడి ఆరకూడదు. పూటకి ఒక చెంబు నీళ్ళు, అంతకుమించి అది ఏమీ అడగదు. ఆ చెంబెడు నీళ్ళని బావిలోంచి తోడి మంచె మీదికి చేర్చేది ఆడవాళ్ళు.

ఆషాఢంలో నాలుగు వందల కుండలు మంచె ఎక్కినప్పుడు నీళ్ళు మోసేందుకు ఆరుగురు ఆడవాళ్ళు ఉండేవారు. రోజుకి ముప్పావలా కూలి. శ్రావణంలో ఒకరోజు నాలుగు చినుకులు రాలాయి. తోట యజమాని జయరామయ్య వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసి, ఇంక వానలు పట్టినట్టేనని తేల్చి, ముగ్గురిని మాన్పించాడు. వానలు పట్టలేదు. మాన్పించినవాళ్ళని మళ్ళీ పిలవడం మాత్రం ఆయనకి చిన్నతనంగా తోచింది. కృపాదానం రెండుసార్లు వెళ్ళి గుర్తుచేశాడు. మొదటిసారి "చూద్దాం లేరా" అన్నాడు. రెండోసారి "తోట నీదా, నాదా?" అన్నాడు. మూడోసారి కృపాదానం వెళ్ళలేదు.

ఇప్పుడు నాలుగు వందల్లో పచ్చగా ఉన్నవి నూట డెబ్బై. మిగతావాటికి ఆకు ముడుచుకుని వేలాడుతోంది. ఒకటి రెండు కట్లు విప్పి చూశాడు. కలవాల్సిన చోట రెండు గాయాలూ నల్లబడి, వేటికవి ఎండిపోయి ఉన్నాయి.

కృపాదానానికి నలభై ఆరేళ్ళు. చిన్నతనంలో మిషను తోటలో పనికి కుదిరి ఈ విద్య నేర్చాడు. ఇరవై ఏళ్ళుగా నాయుడుపేటకి రెండు మైళ్ళ దూరంలో, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఈ తోటలోనే పని. రోజుకి రూపాయిన్నర. తోట చివర జయరామయ్య స్థలంలో గుడిసె. అతను కట్టిన అంట్లు నూటికి తొంభై బతుకుతాయని చుట్టుపక్కల పేరు. మొక్కలు కొన్నవాళ్ళు, అంటు కట్టినవాడి చేతే మొదటి మొక్క ఎత్తించి బండిలో పెట్టించుకోవడం అక్కడి ఆనవాయితీ. అతన్ని అరుగు ఎక్కనివ్వనివాళ్ళు, అతని చేతి మంచినీళ్ళు ముట్టనివాళ్ళు కూడా ఆ మొదటి మొక్క దగ్గరికి వచ్చేసరికి "నీ హస్తవాసి మంచిది కృపాదానం, నీ చేత్తో పెట్టు" అని బతిమాలేవారు. మంచినీళ్ళకి పనికిరాని చెయ్యి చెట్టుకెలా పనికొస్తుందో వాళ్ళు ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే కృపాదానమూ ఆలోచించలేదు. ఆ ఒక్క క్షణం కోసం అతను ఏడాదంతా ఎదురుచూసేవాడు.

జయరామయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. వెనకాల తోట మేస్త్రి ఓబయ్య. మంచె కింద నీళ్ళు దించుతున్న ముగ్గురు ఆడవాళ్ళూ పక్కకి ఒదిగారు.

"ఎన్ని బతికుండాయిరా?" అన్నాడు జయరామయ్య పైకి చూస్తూ.

"నూట డెబ్బై సామీ."

"తక్కినయ్యో?"

"ఎండిపోయినాయి సామీ."

"అదే ఎందుకెండినాయని అడగతుండా."

నీళ్ళు అనే మాట కృపాదానం నోటి చివరిదాకా వచ్చింది. అది బయటపడేలోగా ఓబయ్య అందుకున్నాడు.

"నేను ముందే అనుకుంటిని సామీ. బయటుండే మనిషెవురో తోటలోకి వొచ్చుండాది. లేకపోతే ఇన్ని మొక్కలు ఒక్క దెబ్బన ఎండేదేంది? తమలపాకు తోటలోకి, మల్లెతోటలోకి అట్టాంటోళ్ళని రానిస్తారా ఎవురన్నా?"

జయరామయ్య గొడుగు కాస్త వెనక్కి వంచి ముగ్గురినీ చూశాడు. ముగ్గురిలో ఎలిశబెతు కృపాదానం భార్య. కృపాదానంతో జయరామయ్యకి ఇంకా చాలా పని ఉంది. చెంచులక్ష్మి ఓబయ్యకి తమ్ముడి కూతురు. మిగిలింది మస్తానమ్మ. కాలవగట్టు గుడిసెల్లో ఉంటుంది, ముందూ వెనకా ఎవరూ లేరు. దేవుడు నిర్ణయించినట్టు ముట్టుమైల వెళ్ళి ఆ ముగ్గురిలో దిక్కులేని మనిషినే పట్టుకుంది.

"ఏమ్మే, నువ్వేనా?" అన్నాడు ఓబయ్య.

మస్తానమ్మ చేతిలో సొట్టల సత్తుబిందె ఉంది. నీళ్ళు తొణికి పాదాల మీద పడ్డాయి. "నేనా? నాకు... నాకట్టాంటి..." అని ఆగిపోయి, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జయరామయ్య మంచె మీదికి తల ఎత్తాడు. "నువ్వు చెప్పరా కృపాదానం. తప్పు నీ కత్తిదా? ఈమె వల్ల జరిగిందా?"

అడిగిన తీరులో మూడో దారి లేదు. నీళ్ళు చాలలేదనడానికి సందు లేకుండానే ఆయన అడిగాడు. ఇరవై ఏళ్ళ పేరు ఆ నిమిషంలో కృపాదానం కళ్ళ ముందు ఊగింది. అతను కుండ అంచు పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు.

"అయ్యుండచ్చు సామీ."

మస్తానమ్మ అతని వైపు చూసింది. రోజూ 'అన్నా' అని పిలిచే మనిషి. బిందెని తల్లిచెట్టు మొదట్లో ఒరిగించి పెట్టి, తల వంచుకుని కంచె దాటి వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా ఓబయ్య ఆ సంగతి నాయుడుపేట సంత దాకా మోశాడు. నిమ్మతోటల వాళ్ళకీ, తమలపాకుల వాళ్ళకీ మస్తానమ్మని పనికి పిలవకపోవడానికి కారణం దొరికింది.

పొద్దుగూకే వేళ కృపాదానం గుడిసెకి వచ్చేసరికి ఎలిశబెతు పొయ్యి ముందు కూర్చుని ఉంది. సంగటి కలుపుతున్న చెయ్యి ఆపకుండానే అంది.

"నువ్వు అట్ట అంటావని అనుకోలా."

"ఏమనమంటావు? నా కత్తిదే తప్పనమంటావా?"

"నీళ్ళు చాల్లేదని చెప్పుండచ్చు గదా."

"రెండుసార్లు చెప్పినా. ఇన్నాడా?" అని కృపాదానం గొంతు పెంచాడు. తన మీద తనకి కోపం వచ్చినప్పుడు మనిషి పక్కవాళ్ళ మీద అరుస్తాడు. "అయినా మనకేం దెలుసు. ఆమె అట్టనే వొచ్చిందేమో."

ఎలిశబెతు సంగటి కర్ర పక్కన పెట్టింది. "ఆమెకి ముట్లు నిలిచి మూడేండ్లయింది."

కృపాదానం గుడిసె గుంజకి ఆనుకుని కూలబడ్డాడు. "మరి ఆ మాట అప్పుడే చెప్పుండచ్చు గదా."

"ఎవురికి చెప్పేది? జయరామయ్యకా, ఓబయ్యకా, నీకా? ముగ్గురు మగోళ్ళు నిలబడుంటే, నాకు ఆ సంబరం ఉడిగిపోయింది సామీ అని చెప్పేదా? నువ్వైతే చెప్తావా?" అంది ఎలిశబెతు. "ఆదివారం ప్రార్థనకి ముందు వరసలో కూర్చుంటావు. అయ్యుండచ్చు సామీ అంట. ఆ మాట నీ నోట్లోంచి వొచ్చినాక ఓబయ్యతో పనేముండాది."

ఆ పూట ఇద్దరూ సరిగా తినలేదు. మర్నాడు ఎలిశబెతు ఆ సత్తుబిందెని తీసుకుపోయి ఇచ్చొద్దామనుకుంది. ముందు అడుగుదామని కాలవగట్టుకి వెళ్ళింది. మస్తానమ్మ గడ్డి కోస్తోంది. బజారులో మోపు ఆరణాలకి పోతుంది, పోని రోజూ ఉంటుంది.

"నువ్వు తేవద్దు వొదినా" అంది మస్తానమ్మ. "నేనే వొచ్చి తెచ్చుకుంటా. రాలేకపోతే ఆడనే పడుండనీ."

బిందె చెట్టు కిందే ఉండిపోయింది. కృపాదానం మంచె ఎక్కినప్పుడల్లా, దిగినప్పుడల్లా అది కంటపడేది.

మూడో రోజు జయరామయ్య అతన్ని తోట ఇంటికి పిలిపించాడు. తను అరుగు మీద పడక కుర్చీలో, కృపాదానం వాకిట్లో.

"బుచ్చిరెడ్డిపాలెం పెద్ద రైతులకి నూట యాభై మొక్కలు పోవాల. బతికుండేయి ఆళ్ళకి పెట్టు. ఆళ్ళు తెలిసినోణ్ణి తెచ్చుకోని ఒక్కోదాన్నీ తిప్పి చూసుకుంటారు" అన్నాడు జయరామయ్య నెమ్మదిగా. "తక్కినోళ్ళకి పుల్ల కట్టు."

ఆ మాట ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అంటు కుదిరిన మొక్కకి అతుకు దగ్గర, తల కొట్టేసిన నాటు కాండం మొండి ఒకటి చిన్న కొమ్ములా పైకి కనిపిస్తుంది. కొనేవాడు చూసేది ఆ మొండినీ, దాని చుట్టూ ఉన్న అరటినార కట్టునీ. పుల్లకట్టులో అంటూ లేదు, అతుకూ లేదు. మడిలోంచి మామూలు టెంక మొక్కని తెచ్చి, కాండం మీద కాస్త బెరడు గీకి, అక్కడ ఎండుపుల్ల ఒకటి ఆనించి నారతో బిగించి, పైన పేడా మన్నూ పూస్తారు. మూడణాల నాటు మొక్క రెండు రూపాయల బంగినపల్లి అయిపోతుంది.

"వొద్దు సామీ" అన్నాడు కృపాదానం. "రైతులు సచ్చిపోతారు."

"ఎందుకు సస్తారు? కాపుకొచ్చేది ఆరేండ్లకా, ఏడేండ్లకా? అప్పటికి ఎవురుంటారో, ఎవురు పోతారో. అయినా నాటుకాయ మాత్రం కాయ కాదా? పచ్చడికి అదే రుచి" అని నవ్వి, నవ్వు ఆపాడు జయరామయ్య. "ఇదిగో చూడు. మస్తానమ్మని పంపించి నీ పేరు కాపాడినా. కృపాదానం చెయ్యి చెడిందని నేనొక్క మాటన్నాననుకో, గూడూరు దాకా ఏ తోటోడూ నిన్ను గేటు లోపలికి రానియ్యడు. గుడిసె యాడేసుకుంటావో కూడా ఆలోచించుకో."

కృపాదానం ఆలోచించుకున్నాడు. ఆలోచనంతా గుడిసె దగ్గరా, రూపాయిన్నర దగ్గరా, చెయ్యి చెడిందన్న మాట దగ్గరా తిరిగి తిరిగి, మడి దగ్గరికి వెళ్ళి ఆగింది. ఓబయ్య అప్పటికే టెంక మొక్కలు పీకించి కుండలకెక్కించి వరసలో పెట్టి ఉంచాడు. మొదటి దానికి పుల్ల కడుతూ కృపాదానం ఎవరైనా చూస్తున్నారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగాడు. ఇరవయ్యో దానికి తిరగడం ఆగిపోయింది. ఆగిపోయినందుకు ఇంకా సిగ్గేసింది. సాయంత్రానికి నలభై కట్టాడు. చేతులు ఎంత చక్కగా కట్టాయంటే, మర్నాడు చూస్తే అసలైనవాటి పక్కన అవే ఇంకా నికార్సుగా కనిపించాయి.

ఆశ్వయుజం మొదట్లో హజరత్తయ్య వచ్చాడు. దొరవారిసత్రం దగ్గర పల్లెటూరి రైతు. యాభై దాటినవాడు. పులికాటు సరస్సు గాలికి ముఖం నల్లగా కమిలిపోయి ఉంటుంది. బయానా కట్టి అరవై మొక్కలకి చెప్పి పెట్టుకున్నాడు. రైలు దిగి నడిచి వచ్చాడు, తన మొక్కలు ఎట్లా ఉన్నాయో ఒకసారి చూసుకుని పోదామని. ఓబయ్య తీసుకొచ్చి పుల్ల కట్టిన వరస చూపించాడు.

హజరత్తయ్య గొంతుక్కూర్చుని ఒక కట్టుని చూపుడువేలితో మెల్లగా తాకాడు. గట్టిగా ముడితే నొప్పి పెడుతుందేమో అన్నట్టు తాకాడు.

"మా నాయన కాలం నుంచి ఆ ఇసకలో చెనక్కాయ తప్ప ఏందీ యెయ్యలేదబ్బయ్యా" అన్నాడు కృపాదానంతో. "గ్రామసేవకుడు వొచ్చి మామిడి పెట్టమన్నాడు. ఈ ఏడు చెనక్కాయ మానేసినాం. నేనూ మా ఆడమనిషీ ఎండాకాలమంతా గుంతలే తవ్వినాం. మూడడుగులకి మూడడుగులు. అరవై. చెరువు మట్టి తోలి, గొర్రెపెంట పోసి పెట్టుండాం. ఆరేండ్లు బిడ్డల్లాగా సాకాల గదా, ఆపైన ఆ చెట్లే మమ్మల్ని సాకతాయి. ఏమంటావు?"

ఏడేళ్ళ తర్వాత ఆ ముఖం ఎట్లా ఉంటుందో కృపాదానానికి అప్పుడే కనిపించింది. మొదటి కాపు రోజున కాయ కోసి, ముక్క నోట్లో పెట్టుకుని, పీచూ పులుపూ తగిలి, అరవై చెట్ల వైపూ చూస్తాడు.

ఓబయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. కృపాదానం ధైర్యం చేసి, అడ్డదారిన వెళ్ళబోయాడు. "వానలు యెనకబడినాయి గదయ్యా. ఈ ఏడు ఆగరాదా? వొచ్చే ఏడు పెట్టుకుంటే..."

"గుంతలు తీసి పెట్టుకోని ఆగేదేందబ్బయ్యా!" అని నవ్వాడు హజరత్తయ్య. "వాన పడిన మూడోనాడు బండి కట్టుకోనొస్తా. మొదటి మొక్క మటుకు నీ చేత్తోనే ఎత్తియ్యాల. నీ హస్తవాసి మా ఊళ్ళో కూడా చెప్పుకుంటారు."

దాహం వేస్తే ఎలిశబెతు చెంబుతో నీళ్ళు తెచ్చింది. హజరత్తయ్య మొహమాటంగా చూసి, "ఉండనీమ్మా, బావి కాడ తోడుకుంటాలే" అని తనే వెళ్ళి చేద వేసుకుని తాగాడు. ఎలిశబెతు ఆ నీళ్ళు మొక్క మొదట్లో పోసింది. చెడ్డవాడు కాదు హజరత్తయ్య. తాత తండ్రులు నేర్పింది అతనూ చేశాడు, అంతే. ఆ సంగతి కృపాదానానికి తెలుసు. అయినా ఆ క్షణంలో అతనికి ఒక చెడ్డ ఊరట కలిగింది. వీడు నా నీళ్ళు తాగడు, వీడి తోట నాకెందుకు, అనుకున్నాడు. ఆ ఊరట గుడిసెకి చేరేలోపే ఇగిరిపోయింది.

వాన ఆశ్వయుజం మూడో వారంలో పడింది. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి, స్వర్ణముఖిలో ఎర్రనీళ్ళు వచ్చాయి. బుచ్చిరెడ్డిపాలెం నుంచి లారీ వచ్చి, ఈలోగా మరో ఇరవై ఎండిపోగా మిగిలిన నూట యాభై అసలు మొక్కల్నీ ఎక్కించుకుపోయింది. వాళ్ళు తెచ్చిన మనిషి ప్రతి మొక్కనీ తిప్పి చూసి మెచ్చుకున్నాడు. మర్నాడు ఉదయమే హజరత్తయ్య బండి వచ్చింది.

బండిలో కొత్త వరిగడ్డి మెత్తగా పరిచి ఉంది. ఎద్దుల కొమ్ములకి పసుపు రాశాడు. తోట ఇంటి అరుగు మీద జయరామయ్య, వాకిట్లో ఓబయ్య, కొట్టం చూరు కింద అరవై మొక్కల వరస. హజరత్తయ్య పంచె చెరగులోంచి ఒక కొత్త తువ్వాలు, తమలపాకులు, రెండు అరటిపళ్ళు తీసి అక్కడున్న రాతి మీద పెట్టాడు. కృపాదానం చేతికి ఇవ్వలేదు. ఇవ్వాలని తోచలేదు.

"తీసుకోబ్బయ్యా. తీసుకోని మొదటి మొక్క ఎత్తు" అన్నాడు.

కృపాదానం వంగి వరసలో మొదటిది ఎత్తాడు. అది అతను మొట్టమొదట పుల్ల కట్టిన మొక్క. ముడి చూడగానే గుర్తుపట్టాడు. మొక్క ఎత్తి బండి వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. మంచె కింద, తల్లిచెట్టు మొదట్లో, సత్తుబిందె నిండా వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి.

అతను వెనక్కి తిరిగి మొక్కని నేల మీద పెట్టేశాడు.

"ఈ మొక్కకి నేను చెయ్యి ఇయ్యనయ్యా."

"అదేందబ్బయ్యా?" హజరత్తయ్య కంగారుగా ఆకాశం వైపు చూశాడు. "వర్జ్యమా? చూపించుకోనే బయల్దేరినానే."

"వర్జ్యం కాదయ్యా" అని కృపాదానం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నడుముకున్న చాకు తీసి ముడి కోశాడు. అరటినార చుట్లు చుట్లుగా ఊడింది. ఎండిన పేడమట్టి పెళ్ళలుగా రాలింది. దాంతోపాటు వేలెడు పుల్ల ఒకటి జారి కింద బురదలో పడింది. కాండం మీద గీకిన గాయం మానిపోయి మచ్చకట్టి ఉంది. దానికి దేనితోనూ పొత్తు లేదు.

హజరత్తయ్య ఆ పుల్లని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"రేయ్!" అని జయరామయ్య కుర్చీలోంచి లేచాడు. "ఏం చేస్తుండావురా? మతి పోయిందా?"

"నాటు మొక్కయ్యా ఇది" అన్నాడు కృపాదానం హజరత్తయ్యతోనే. "అరవయ్యీ ఇంతే. అంటు కుదిరినయ్యి బుచ్చిరెడ్డిపాలెం పోయినాయి. తక్కినయ్యి నీళ్ళు లేక సచ్చినాయి. ఆరుగురు మోసే నీళ్ళు ముగ్గురి చేత మోయించినారు. నా చెయ్యీ చెడలా, మస్తానమ్మ మైలా తగల్లా. ఆమె వల్లనే ఏమో అని నేనే అబద్ధం చెప్పినా. తెలిసీ తెలియక కాదు, నా పేరు పోతుందని చెప్పినా."

"పుల్ల కట్టింది ఎవురు?" అన్నాడు హజరత్తయ్య.

ఆ ప్రశ్న వస్తుందని కృపాదానానికి తెలుసు. "నేనే" అన్నాడు.

హజరత్తయ్య చేతిలో చర్నాకోల బిగుసుకుంది. కొడతాడనే అందరూ అనుకున్నారు. కృపాదానం కదలకుండా కూర్చున్నాడు. కొట్టినా బాగుండుననిపించింది అతనికి. హజరత్తయ్య కొట్టలేదు. చర్నాకోలని బండి కాడి మీద పడేసి, వరస ముందు కూర్చుని, రెండో మొక్క కట్టు విప్పడం మొదలుపెట్టాడు. పుల్ల రాలింది. మూడోది. పుల్ల రాలింది.

"అరవై గుంతలు" అన్నాడు తనలో తను. "నీళ్ళు కూడా నిలిచుంటాయి ఈపాటికి."

"నీ బయానా నీకు పారేస్తా, లేచి పోవయ్యా" అన్నాడు జయరామయ్య. హజరత్తయ్యకి వినపడినట్టు లేదు. జయరామయ్య కృపాదానం వైపు తిరిగాడు. "పొద్దుగూకేలోపల గుడిసె ఖాళీ చెయ్. నీ చెయ్యి చెడిందని రేపు సంతలో నేనే చెప్తా."

"చెప్పుకోండి సామీ" అన్నాడు కృపాదానం. ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఈసారి మాట మింగలేదు.

అరుపులకి దారిన పోయేవాళ్ళు కంచె దగ్గర ఆగారు. వాళ్ళలో మస్తానమ్మ కూడా ఉంది, తల మీద గడ్డిమోపుతో. ఎలిశబెతు ఆమెని చూసి గబగబా వెళ్ళి కంచె గడి తీసింది. తీసి పక్కకి జరిగి నిలబడింది.

మస్తానమ్మ గడ్డిమోపు దించి కంచెకి ఆనించింది. లోపలికి అడుగు పెట్టింది.

"ఏయ్, ఆగు. తోటలోకి రావద్దని చెప్పలా?" అన్నాడు ఓబయ్య.

ఆమె ఆగింది. అయితే అతను ఆపినందుకు కాదు. జయరామయ్య నిలబడిన అరుగు ముందు, హజరత్తయ్యా దారిన పోయే మగవాళ్ళూ అందరూ చూస్తుండగా ఆగింది. నెల రోజులుగా లోపల అణిచిపెట్టుకున్న మాట, ఏ ఆడదీ మగవాళ్ళ ముందు అనని మాట, పైట నోటికి అడ్డం పెట్టుకోకుండా అంది.

"నాకు ముట్లు నిలిచి మూడేండ్లయింది సామీ. మీ మొక్కలు నా వల్ల సావలా."

ఓబయ్య నేల చూశాడు. జయరామయ్య, అలాంటి మాట విన్నందుకు తనకే మైల తగిలినట్టు ముఖం తిప్పుకున్నాడు. కృపాదానానికి ఆమె వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఆమె మంచె కిందికి వెళ్ళి తన బిందె తీసుకుంది. అందులోని వాన నీళ్ళు ఒంపలేదు. నిండుబిందె చంకనెత్తుకుని, వచ్చిన దారినే తోట మధ్యగా మెల్లగా నడిచి వెళ్ళింది.

హజరత్తయ్య అప్పటికి పదకొండో కట్టు విప్పుతున్నాడు. కృపాదానం అతనికి ఎదురుగా జరిగి కూర్చుని పన్నెండోది అందుకున్నాడు.